చీటీ మీద రాయని ‘టెన్షన్’

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. వయసు 41. నూలు వడుకుతాను. పోయిన ఏడాది గుండె దడ, చేతుల వణుకు మొదలయ్యాయి. వడుకుతుంటే పోగు ఊరికే తెగిపోయేది. 8 నెలల్లో 9 కిలోలు తగ్గాను. విజయనగరంలో ఒక ప్రైవేటు డాక్టరుకు ఫీజు కట్టి 5 సార్లు చూపించుకున్నాను. వెళ్లిన ప్రతిసారీ ‘నీకేం లేదమ్మా, టెన్షన్. ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?’ అని నిద్రమాత్రలు రాశారు. ఒక్క రక్తపరీక్ష కూడా రాయలేదు. చివరికి విశాఖలో చూపిస్తే థైరాయిడ్ ఎక్కువగా ఉందని తేలింది. కేసు వేయవచ్చా? చీటీ మీద ఆయన టెన్షన్ అని రాయనే లేదు. డాక్టర్ల మీద కేసులు నిలబడవని మా ఆడపడుచు అంటోంది.

జవాబు: వేయవచ్చమ్మా. కానీ దేని మీద వేస్తున్నారో ముందు తేల్చుకోండి. జబ్బు పేరు తప్పు చెప్పడం ఒక్కటే నిర్లక్ష్యం కాదు. మామూలు డాక్టరు తీసుకునే జాగ్రత్తలన్నీ తీసుకుని కూడా పొరబడితే ఆయన్ను తప్పుపట్టలేమని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీ ఫిర్యాదు ‘టెన్షన్ అన్నారు’ అని కాదు, ‘ఏమీ చూడకుండా టెన్షన్ అన్నారు’ అని ఉండాలి. దడ, వణుకు, చెమట, నిద్రలేమి ఆందోళనలోనూ ఉంటాయి, థైరాయిడ్ ఎక్కువైనా ఉంటాయి. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష ఉన్నది అందుకే. కొన్ని వందల రూపాయల పని అది. ఆ 5 చీటీల మీద మీ బరువు వేశారేమో చూడండి. ఆయన చేతిరాతలోనే అంకె తగ్గుతూ వచ్చి ఉంటే కేసులో సగం బరువు అక్కడే ఉంది.

‘ఇంట్లో గొడవలా’ అన్న ప్రశ్న ఆడవాళ్లకు స్టెతస్కోపు కంటే ముందు ఎదురవుతుంది. అది విన్నప్పుడల్లా నాకూ ఒళ్లు మండుతుంది. కానీ ఆ ఒక్క మాటకు వినియోగదారుల కమిషన్ పరిహారం ఇప్పించదు.

టెన్షన్ అని రాయలేదని దిగులు పడకండి. మందుల పేర్లే ఆ మాట చెబుతాయి. మీకు రాసిన నిద్రమాత్ర అల్‌ప్రజోలం అయితే అది హెచ్1 షెడ్యూలు మందు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే, లెక్క రాసుకునే అమ్మాల్సిన మందు. అమ్మిన మెడికల్ షాపువాళ్లు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారో రిజిస్టరులో రాసి 3 ఏళ్లు ఉంచాలి. వాళ్లు మీ చేతికి ఇవ్వకపోయినా కమిషన్ ద్వారా తెప్పించమని అడగవచ్చు.

ఇంకో కాగితం మీ ఇంట్లోనే ఉంటుంది. నెలకు ఎంత నూలు ఇచ్చారు, ఎంత కూలి వచ్చింది అన్న లెక్క. చేతులు వణికిన ఆ 8 నెలల్లో అది పడిపోయి ఉంటే వణుకుకూ సాక్ష్యమే, నష్టానికీ సాక్ష్యమే.

విశాఖ డాక్టరు దగ్గర ఒక సర్టిఫికెట్ రాయించుకోండి. తోటి డాక్టరు తప్పు చేశాడని ఆయన రాయరు, మీరు అడగకండి. ఏ బాధలతో వచ్చారు, ఎన్నాళ్లుగా ఉన్నాయని చెప్పారు, టీఎస్‌హెచ్ ఎంత ఉంది, ఇవి చాలు. నిపుణుడి సాక్ష్యం ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు అంది. అది హైదరాబాద్ కేసు. మలేరియా వచ్చిన ఒకామెకు టైఫాయిడ్ వైద్యం చేశారు, ఆమె చనిపోయింది. భర్త మలేరియా శాఖలోనే అధికారి! జిల్లా వినియోగదారుల ఫోరం (ఇప్పటి కమిషన్) వేసిన 2 లక్షల పరిహారాన్ని సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది. మీ ఆడపడుచుకు ఇది చెప్పండి.

డాక్టరు విజయనగరంలో ఉన్నా మీరు ఉండేచోటే, అంటే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన వైద్యం ఖర్చు 5 లక్షలు దాటలేదు కాబట్టి కోర్టు ఫీజు లేదు. గడువు 2 ఏళ్లు. జబ్బు బయటపడిన రోజు నుంచి లెక్క అని వాదించవచ్చు గానీ, ఆ డాక్టరు దగ్గరికి చివరిసారి వెళ్లిన రోజు నుంచే లెక్కేసుకోండి. డాక్టర్ల మీద చర్య తీసుకునే మెడికల్ కౌన్సిల్‌కూ రాయవచ్చు, అక్కడ డబ్బు రాదు. పోలీసు స్టేషను జోలికి మాత్రం వెళ్లకండి, ఇది ఆ స్థాయి కేసు కాదు.

మందుల షాపు బిల్లులు, ల్యాబు రశీదులు నున్నటి కాగితం మీద ఇచ్చినవైతే ఏడాది తిరిగేసరికి అక్షరాలు వెలిసిపోతాయి. ఈ వారమే జిరాక్స్ తీయించండి.