రెండు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఇంజన్ రేస్ అవుతోంది, బండి లాగట్లేదు. గేర్‌బాక్స్ పోయినట్టేనా?

అప్పుడే గేర్‌బాక్స్ దింపించకండి. హన్మకొండ నుంచి ములుగు వైపు లోడుతో వెళ్తుంటే, మీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పికప్ బండి వేడెక్కాకే ఇలా అవుతోందని రాశారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే నడుస్తోందంటే నా అనుమానం ముందు గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ మీదే. వేడికి ఆయిల్ పలచబడుతుంది, గట్టిపడ్డ సీళ్ల పక్క నుంచి కారిపోతుంది, క్లచ్ ప్లేట్లను నొక్కే బలం చాలదు.

ముందు ఆయిల్ చూపించండి. చాలా బండ్లలో సమతలంగా ఆపి, వేడి మీద, ఇంజన్ నడుస్తుండగానే లెవెల్ చూడాలి. పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. తగ్గితే పంపు గాలి పీల్చి నురగ కడుతుంది. నల్లబడి మాడు వాసన వస్తే ప్లేట్లు కాలినట్టే, కొత్త ఆయిల్ పోసినా అవి తిరిగి రావు.

అన్ని గేర్లూ ఇలా రేస్ అయి జారితే ఫిల్టరు, పంపు, ప్రెషర్ చూడాలి. మూడోది ఒక్కటే జారితే దాని క్లచ్, సీలు, సోలనాయిడ్ (ఆయిల్ దారిని నియంత్రించే కరెంటు వాల్వు) చూడాలి. స్కానర్‌లో పీ0733 అనే లోపం కోడ్ కనిపిస్తే మూడో గేరు నిష్పత్తి తప్పుతోందని అర్థం. అయితే కోడ్ చూసి సోలనాయిడ్ మార్చేయడం డబ్బు దండగ. ప్రెషర్ గేజ్ పెట్టించండి: ప్రెషర్ సరిగ్గా ఉండీ జారుతుంటే, అప్పుడు విప్పాల్సిందే.

అన్నట్టు, ఆటోమేటిక్ అని అమ్మే పెద్ద లారీలు, టిప్పర్లు చాలావరకు ఏఎంటీలు, అంటే మామూలు గేర్‌బాక్స్‌కే క్లచ్, గేర్లు యంత్రం మార్చేలా అమర్చినవి. వాటిలో జారేది మామూలు క్లచ్ ప్లేటే, ఈ పరీక్షలు పనికిరావు.

తేలేదాకా లోడు ఎక్కించకండి.