హైబ్రిడ్ రాకెట్ మోటారులో ఇంధనం ఎలా ఇంజెక్ట్ అవుతుంది? వరంగల్ ఎండల్లో మంట ఎందుకు కొట్టుకుంటుంది (హెచ్చుతగ్గులుగా మండుతుంది)?

అసలు ఇంధనం ఇంజెక్ట్ కాదు. అది మైనం లేదా హెచ్‌టీపీబీ రబ్బరు దిమ్మగా, మంట మండే గది అయిన ఛాంబర్‌లోనే ఉంటుంది. ఇంజెక్టర్ గుండా వచ్చేది నైట్రస్ ఆక్సైడ్ లాంటి ఆక్సిడైజర్, అంటే మండటానికి ఆక్సిజన్ ఇచ్చే పదార్థం. మంట వేడికి దిమ్మ పైపొర ఆవిరై, మధ్య రంధ్రంలో పారే ఆక్సిడైజర్‌తో గోడకు కాస్త ఎడంగా కలిసి మండుతుంది. అందుకే దిమ్మ అరిగే వేగాన్ని ఎక్కువగా శాసించేది ఆక్సిడైజర్ ప్రవాహమే, ఛాంబర్ ప్రెషర్ కాదు. మైనమైతే కరిగి తుంపరలుగా ఎగిరిపోతుంది, కాబట్టి రబ్బరు కంటే మూడు నాలుగు రెట్లు వేగంగా అరుగుతుంది.

మంట కొట్టుకుంటే మొదట ఇంజెక్టర్‌ను అనుమానించండి. దాని ముందూ వెనకా ప్రెషర్ తేడా ఛాంబర్ ప్రెషర్‌లో కనీసం 20 శాతం ఉండాలి. ఛాంబర్‌లో 30 బార్ ఉంటే 6 బార్ అన్నమాట. అంతకు తగ్గితే ఛాంబర్‌లోని ప్రెషర్ ఊపు నైట్రస్ ట్యాంకు దాకా పాకి ప్రవాహాన్నే ఊపేస్తుంది.

ఇక ఎండ సంగతి. నైట్రస్ క్రిటికల్ ఉష్ణోగ్రత, అంటే దాటితే ఎంత ప్రెషర్ ఉన్నా ద్రవంగా ఉండలేని హద్దు, 36.4 డిగ్రీలు. హన్మకొండలో మే మధ్యాహ్నాలు 42 దాటే రోజులుంటాయి. ట్యాంకు అంత వేడెక్కితే అందులో ద్రవమే మిగలదు: ప్రెషర్ 72 బార్ దాటొచ్చు, ఇంజెక్టర్ లెక్కలన్నీ తప్పుతాయి. తెల్లవారుజామునే నింపండి, తడి గోనెసంచి కప్పండి, రిలీఫ్ వాల్వు (ప్రెషర్ మితిమీరితే బయటికి వదిలేది) లేకుండా ముట్టుకోకండి. లైనులో గ్రీజు మరక అసలే వద్దు. దానివల్ల నైట్రస్ ఆవిరి విచ్ఛిన్నమై ట్యాంకే పేలొచ్చు.