ఆ క్వేజార్ నిజంగానే మినుకుమంటోందా, యాంటెనా తప్పా?

బెంగళూరులో కూర్చుని ఆస్ట్రేలియాలోని నర్రబ్రై ఏటీసీఏ (రేడియో డిష్‌ల వరస) పాత డేటా దించుకుంటే, 4.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక క్వేజార్ (దూరపు గెలాక్సీ నడుమ బ్లాక్‌హోల్ వల్ల వెలిగే మూలం) ఫ్లక్స్, అంటే మనకందే రేడియో తీవ్రత, 40 నిమిషాల్లో 20 శాతం ఊగిందన్నారు. బ్లాక్‌హోల్ పనా, పాలపుంత వాయువు పనా అని మీ ప్రశ్న. ఆ రెండింటికన్నా ముందు నేనైతే యాంటెనాను అనుమానిస్తాను.

దగ్గర్లోని క్యాలిబ్రేటర్‌కూ (నిలకడగా వెలిగే, పోల్చి చూసే మూలం) నిమిషం సగటు తీసి గీయండి. అదీ ఊగితే గెయినో (సంకేతాన్ని పెంచే స్థాయి) పాయింటింగో (డిష్ గురి) చెడినట్టే. అది నిలకడగా ఉంటే, చాలామంది వదిలేసే పరీక్ష ఒకటుంది: మర్నాటి డేటాను నక్షత్ర కాలం లెక్కన, అంటే దాదాపు 4 నిమిషాల తేడాతో సర్ది, మొదటి రోజు దాని మీద పెట్టండి. అవే ఎగుడుదిగుళ్ళు అచ్చుగుద్దినట్టు వస్తే అది మినుకు కాదు. ఏటీసీఏ డిష్‌లు చాలావరకు తూర్పు పడమరల వరసలో ఉంటాయి కనుక, పక్కన జెట్టో మరో రేడియో మూలమో ఉంటే భూమి తిరిగేకొద్దీ ఆంప్లిట్యూడ్ దానంతటదే మారుతుంది. దాన్ని మోడల్ చేసి విజిబిలిటీల (డిష్‌ల జంటలు కొలిచిన ముడి సంకేతాలు) నుంచి తీసేశాకే లైట్ కర్వ్ (కాలంతో తీవ్రత మారే గీత) గీయాలి.

ఇదంతా దాటి నిలిస్తే వాయువే: దారిలో తెరలా నిలిచి రేడియో తరంగాలను చెదరగొడుతుంది. పీకేఎస్ 0405-385 అనే క్వేజార్ గంటలోపు మారడం నిజంగా దాని సొంత మార్పే అయితే ప్రకాశ ఉష్ణోగ్రత (ఆ మెరుపును ఉష్ణోగ్రతగా చెప్పే కొలత) 10 ఘాతం 21 కెల్విన్లు దాటాలి. ఇన్వర్స్ కాంప్టన్ హద్దు (ఎలక్ట్రాన్లు తమ శక్తిని కాంతికి ఇచ్చి చల్లబడే స్థాయి) దాన్ని 10 ఘాతం 12 దగ్గరే ఆపేస్తుంది. లెక్క మీరే వేసుకోవచ్చు: తరంగదైర్ఘ్యాన్ని తెర దూరంతో గుణించి, 2 పైతో భాగించి, వర్గమూలం తీయండి. 6 సెంటీమీటర్లకు, 10 పార్సెక్‌ల (సుమారు 33 కాంతి సంవత్సరాల) దూరంలోని తెరకు ఎగుడుదిగుళ్ళ వెడల్పు సుమారు 54 వేల కిలోమీటర్లు వస్తుంది. తెర మన ముందు సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో కదిలితే అరగంట. మీ 40 నిమిషాలకు దగ్గరే కదా! మూలం కోణ పరిమాణం ఆ తెర దగ్గర 36 మైక్రో ఆర్క్‌సెకన్లను బాగా మించితే మినుకు చెరిగిపోతుంది, అందుకే అన్ని క్వేజార్లూ ఇలా చేయవు.

గట్టి సాక్ష్యం కావాలంటే ఏడాది పొడవునా డేటా చూడండి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ తెరతో పాటే కదిలే నెలల్లో మినుకు నెమ్మదిస్తుంది, ఎదురు కదిలే నెలల్లో జోరందుకుంటుంది. క్వేజార్‌కి మన క్యాలెండర్‌తో ఏం పని? పీకేఎస్ 1257-326 అనే మరో క్వేజార్ విషయంలోనైతే అమెరికాలోని వీఎల్ఏ రేడియో టెలిస్కోప్‌కీ ఏటీసీఏకీ ఒకే ఊగిసలాట నిమిషాల తేడాతో చేరింది.

కొత్త అబ్జర్వేషన్‌లో ఊగకపోతే పాత డేటాను పారేయకండి. ఏళ్ళ తరబడి మినుకుమన్న జే1819+3845 అనే క్వేజార్ కూడా 2007 నాటికి ఆగిపోయింది. ఇక బెంగళూరు దగ్గరి గౌరిబిదనూరు తక్కువ ఫ్రీక్వెన్సీ డైపోల్ యాంటెనాలతో ఇది చూద్దామనుకోవద్దు. అంత తక్కువ ఫ్రీక్వెన్సీలో వేగమైన మినుకు మిగలదు. ఊటీ రేడియో టెలిస్కోప్‌లో 327 మెగాహెర్ట్జ్ దగ్గర సెకన్లలో కనిపించేది సౌర పవనం (సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం) చేసే పని, అది దీనికన్నా వేరు.