స్టాక్‌హోమ్‌లో నాలుగు రోజులకు మూడేళ్ల వాయిదాలా?

ప్రశ్న: నా వయసు 34, హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగిని. చేతికందే జీతం నెలకు 95,000 రూపాయలు, గృహ రుణ వాయిదాతో కలిపి ఖర్చు 62,000. వచ్చే జూన్‌లో భార్య, నాలుగేళ్ల పాపతో నాలుగు రోజులు స్టాక్‌హోమ్ చూసి రావాలనుకుంటున్నాం. ఖర్చు అంచనా 4,40,000. పొదుపు ఖాతాలో ఉన్న 1,40,000కు తోడు 14 శాతం వడ్డీకి మూడేళ్ల వ్యక్తిగత రుణం 3,00,000 తీసుకుంటాను. ఆఫీసు ఇచ్చిన 5 లక్షల ఆరోగ్య బీమా ఉంది, ప్రయాణ బీమా కూడా తీసుకుంటాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మీరు అడిగింది పర్యటన గురించే అయినా, తిరిగి వచ్చిన మర్నాడు మీ ఖాతాలో ఒక్క రూపాయి కూడా మిగలదన్న సంగతి మీ లెక్కలో ఎక్కడా కనిపించలేదు. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తున్నందువల్లే దీనికి వివరంగా బదులిస్తున్నాను. ఈ రుణానికి నెలకు దాదాపు 10,250 చొప్పున కడుతూ పోతే మూడేళ్లలో వడ్డీకే సుమారు 69,000 పోతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఏమిటంటే, ఈలోగా ఉద్యోగం పోతే గృహ రుణ వాయిదాతో పాటు ఈ వాయిదా కూడా మెడకు చుట్టుకుంటుంది, ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా ఆ ఉద్యోగంతోనే పోతుంది. ఇక వీసా కోసం తీసుకునే ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలన్న నిబంధన ఉంది కానీ, మీరు ఇంటికి చేరగానే దాని గడువు తీరిపోతుంది కనుక దాన్ని కుటుంబ రక్షణ కింద లెక్కించకండి.

స్టాక్‌హోమ్ మ్యూజియంలో మీరు తప్పక చూడబోయే వాసా అనే పాత యుద్ధనౌక 1628లో తొలి ప్రయాణంలోనే, రేవు దాటి కిలోమీటరున్నర కూడా పోకముందే మునిగిపోయింది. పైన ఫిరంగుల బరువు ఎక్కువై, అడుగున నిలకడనిచ్చే బరువు చాలకపోవడమే అందుకు కారణం. మీ ప్రణాళికలో ఆ అడుగు బరువు అత్యవసర నిధి. మీ ఖర్చును బట్టి ఆరు నెలలకు 3,72,000 కావాలి. చేతిలో ఉన్న 1,40,000ను ముట్టుకోకుండా, నెలనెలా మిగులుతున్న 33,000ను దానికే జోడిస్తే ఏడు నెలల్లో ఆ నిధి దాదాపు పూర్తవుతుంది. ఆ తర్వాత పద్నాలుగు నెలలు అదే మొత్తాన్ని రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే పర్యటన ఖర్చంతా అప్పు లేకుండానే సమకూరుతుంది. అప్పటికి పాపకు ఆరేళ్లు నిండితే ఇప్పుడు అక్కరలేని 45 యూరోల వీసా రుసుము కట్టవలసి వస్తుందని బెంగపడకండి; అది సుమారు ఐదు వేల రూపాయలే, 69,000 వడ్డీ పక్కన లెక్కలోకి రాదు.

క్రెడిట్ కార్డు వాయిదాలు కూడా అప్పే. వడ్డీ లేదన్న ప్రకటన చూసి మోసపోకండి. స్వీడన్‌లో చెల్లుబాటయ్యేది యూరో కాదు, క్రోనా. అక్కడ దాదాపు అన్ని చెల్లింపులూ కార్డుతోనే జరుగుతాయి కనుక విదేశీ మారకపు రుసుము తక్కువగా ఉన్న కార్డును ముందే చూసుకోండి. పాత నగరమైన గామ్లా స్టాన్ వీధుల్లో తిరగడానికి టికెట్ అక్కరలేదు, వాసా మ్యూజియంలో పిల్లలకు ప్రవేశం ఉచితం కాబట్టి మీ అంచనాను కొంత తగ్గించుకునే వీలుంది.

ఉత్తరంలో టర్మ్ పాలసీ, అంటే సంపాదించే మనిషి పోతే కుటుంబానికి సొమ్మిచ్చే జీవిత బీమా, ప్రస్తావనే లేదు. గృహ రుణం, చిన్న బిడ్డ ఉన్న ఇంట్లో అది లేకపోతే, సొంత ఆరోగ్య పాలసీతో పాటు దాన్ని ఈ నెలలోనే తీసుకోండి; ఆ ప్రీమియంల వల్ల పర్యటన మరికొన్ని నెలలు వెనక్కి జరిగితే జరగనివ్వండి.