‘సా’ తర్వాత ‘క్రాస్’ ఎందుకు, ‘క్రాస్డ్’ ఎందుకు కాదు?

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. తప్పును గుర్తించే ప్రశ్నల్లో ‘ఐ సా హిమ్ క్రాస్ ద రోడ్’ కనిపిస్తే ‘క్రాస్డ్’ ఉండాలనుకుని మార్కులు పోగొట్టుకుంటున్నాను. ‘క్రాసింగ్’ కూడా సరైనదేనట. తేడా ఏమిటి?

సమాధానం: తెలుగులో ‘అతను దాటాడు చూశాను’ అనరు కదా. ‘దాటడం చూశాను’, ‘దాటుతుంటే చూశాను’ అంటారు. జరిగిపోయిందని చెప్పే పని ‘చూశాను’ ఒక్కటే చేస్తోంది. ఇంగ్లిష్‌లోనూ అంతే. ‘సా’ భూతకాలం చెప్పేసింది కాబట్టి ‘హిమ్’ తర్వాతి క్రియకు కాలంతో పనిలేదు. సీ, హియర్, వాచ్, నోటీస్, ఫీల్ అన్నింటికీ ఇదే పద్ధతి. ‘టు క్రాస్’ అన్నా తప్పే.

‘క్రాస్’ అంటే ఈ పక్క నుంచి ఆ పక్కకు చేరేదాకా మొత్తం చూశారని. ‘క్రాసింగ్’ అంటే మీరు చూసేసరికి దాటుతూ ఉన్నాడు. చేరాడో, మధ్యలో వెనక్కి తిరిగాడో ఆ వాక్యం చెప్పదు. క్షణంలో అయిపోయే పనుల్లో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ‘ఐ హర్డ్ సమ్‌వన్ నాక్’ అంటే తలుపు ఒకసారి తట్టారు, ‘నాకింగ్’ అంటే తడుతూనే ఉన్నారు. ‘కెన్ హియర్’, ‘కెన్ సీ’ వస్తే పని ఇంకా సాగుతున్నట్టే కాబట్టి మామూలుగా ‘ఇంగ్’ రూపమే రాయండి. స్మెల్, ఫైండ్, క్యాచ్ తర్వాత కూడా అంతే: ‘ఐ స్మెల్ సంథింగ్ బర్నింగ్’.

వాక్యాన్ని పాసివ్‌లోకి మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. లేని ‘టు’ అక్కడ తిరిగొస్తుంది: ‘హి వాజ్ సీన్ టు క్రాస్ ద రోడ్’. ‘ఇంగ్’ రూపమైతే మార్పు ఉండదు: ‘హి వాజ్ సీన్ క్రాసింగ్ ద రోడ్’. వాయిస్ ప్రశ్నల్లో చాలామంది ఈ ‘టు’నే వదిలేస్తారు. ‘మేక్’ విషయంలోనూ ఇదే జరుగుతుంది: ‘హి వాజ్ మేడ్ టు వెయిట్’.

మధ్యలో ఉన్నది పని చేసింది కాక, ఆ పనికి గురైంది అయితే క్రియ మూడో రూపం (పాస్ట్ పార్టిసిపుల్) వస్తుంది. ‘ఐ హర్డ్ మై నేమ్ కాల్డ్’. పేరు పిలవదు, పేరును ఎవరో పిలిచారు. ఇక ‘వెళ్లిపోయాడని విన్నాను’ అనడం వేరు. అది చెవిన పడ్డ సమాచారమే కాబట్టి ‘ఐ హర్డ్ దట్ హి హ్యాడ్ లెఫ్ట్’ అని పూర్తి వాక్యం కావాలి, అందులో క్రియకు కాలమూ ఉండాలి.

మిమ్మల్ని ఎక్కువగా పడేసేది పొడవాటి కర్మ. ‘ఐ సా ద బాయ్ హూ లివ్స్ నెక్స్ట్ డోర్ స్టీల్స్ ద పర్స్’ చూడండి. ‘లివ్స్’ పక్కనే ఉండటంతో ‘స్టీల్స్’ కూడా సరైనదే అనిపిస్తుంది. ‘హూ’ నుంచి ‘డోర్’ వరకు వేలితో మూసి చదవండి. ‘ఐ సా ద బాయ్ స్టీల్స్’ మిగులుతుంది, తప్పు వెంటనే కనబడుతుంది.