తాతగారి ఉత్తరాల్లో ‘గం॥భా॥స॥’ అంటే ఎవరు?

సందేహం: మా తాతగారు దాచిన ఉత్తరాలు, ఫొటోలు ముందు పెట్టుకుని వంశవృక్షం రాస్తున్నాను. పేర్ల ముందు ‘మ॥రా॥రా॥శ్రీ’, ‘గం॥భా॥స॥’ అని ఉంటోంది. ఒక కార్డు మీద తేదీ బదులు ‘ఖర సం॥ర ఆషాఢ బ॥ ౫’ అని ఉంది. ఇంకో ఉత్తరంలో ఆయన ‘మా అల్లుడు’ అన్న మనిషి ఆయన కూతుళ్లలో ఎవరి భర్తా కాడు. వీటిని ఎలా చదవాలి?

సమాధానం: పేరు ముందుండే ఈ పొట్టి అక్షరాలను ఉత్త మర్యాదమాటలనుకుని దాటేసేవారే ఎక్కువ. మీ పనికి కావలసిన ఆనవాళ్లు చాలావరకు అక్కడే ఉన్నాయి.

రెండు నిలువు గీతలు మాటను కుదించారనడానికి గుర్తు. మ॥రా॥రా॥శ్రీ అంటే మహారాజరాజశ్రీ. గౌరవించదగిన ఎవరికైనా ఇలాగే రాసేవారు కాబట్టి, దీన్ని చూసి పూర్వులు జమీందారులని నిర్ణయించకండి. చి॥ చిరంజీవి, చి॥ల॥సౌ॥ చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి. గం॥భా॥స॥ గంగాభాగీరథీసమానురాలు, అంటే భర్త పోయిన స్త్రీ. ఈ మాట ఇవాళ మనసుకు కష్టంగానే ఉంటుంది, వాడవలసిన అవసరమూ లేదు. కానీ ఎత్తి రాసేటప్పుడు మాత్రం తీసేయవద్దు. ఒకే ఆమెను ఒక ఉత్తరంలో సౌ॥ అనీ, తర్వాతి దాంట్లో గం॥భా॥స॥ అనీ రాస్తే, ఆమె భర్త ఆ రెండు తేదీల మధ్యలో పోయారన్నమాట. మరణ ధ్రువపత్రం దొరకని ఇళ్లలో ఇంతకు మించిన ఆధారం ఉండకపోవచ్చు.

‘నమస్కరించి వ్రాయునది’, ‘ఆశీర్వదించి వ్రాయునది’ అనేవి వరుసను చెబుతాయి, వయసును కాదు. తనకన్నా వయసులో చిన్నవాడైనా పినతండ్రి వరుసైతే నమస్కారమే రాస్తారు. దీన్నిబట్టి పుట్టిన సంవత్సరాలు లెక్కకట్టకండి.

ఇక తేదీ. బ॥ అంటే బహుళం (పున్నమి తర్వాతి పక్షం), ౫ అంటే ఐదు: ఆషాఢ బహుళ పంచమి. అంకెకు ముందు శు॥ ఉంటే శుద్ధం (అమావాస్య తర్వాతి పక్షం), అంకె తర్వాత ఉంటే శుక్రవారం. ఖర అనే తెలుగు సంవత్సరం 1951 ఉగాదితో మొదలైంది, కాబట్టి మీ కార్డు 1951 జులై చివరి పది రోజుల్లోది. అయితే సంవత్సరాల పేర్లు అరవయ్యేళ్లకోసారి తిరిగి వస్తాయి. 1891 కూడా ఖరే. కార్డు మీద అచ్చయిన బొమ్మ చూడండి. విక్టోరియా రాణి ఉంటే పాతది, లేకపోతే 1951దే. ఎక్కువమంది తప్పేది మాఘ ఫాల్గుణాల దగ్గర. ఖర మాఘం 1952లో వస్తుంది, 1951లో కాదు. పుష్యం ఉంటే ఆ ఏటి పంచాంగం చూడనిదే తేల్చకండి. ఫసలీ సంవత్సరం (భూమిశిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం) కనిపిస్తే 590 కలపండి: ఫసలీ 1357 అంటే 1947–48. తేదీయే లేని కార్డుకు వేరే దారులున్నాయి. ధర ‘నయా పైసల్లో’ ఉంటే ఆ కార్డు అచ్చయింది 1957–64 మధ్య. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. పిన్‌కోడ్ లేనంత మాత్రాన అంతకుముందుదని అనలేం, చాలామంది ఆ తర్వాత కూడా రాయలేదు.

‘అల్లుడు’ సంగతి: అక్కచెల్లెళ్ల కొడుకును కూడా అల్లుడనే అంటాం. మీ ఉత్తరంలోని ఆయన మేనల్లుడై ఉండవచ్చు. తాతగారి తోబుట్టువుల పిల్లల పేర్లతో సరిచూడండి. మేనరికం ఉన్న ఇంట్లో మామ, అత్త అనే పిలుపులకూ ఇదే చిక్కు, ఒకే మనిషి మేనమామా, పిల్లనిచ్చిన మామా కావచ్చు. ‘అన్నగారు’ పెదనాన్న కొడుకో, పెద్దమ్మ కొడుకో కావచ్చు. రెండో ఆధారం దొరికేదాకా వృక్షంలో గీత గీయకుండా, ఉత్తరంలోని పిలుపునే పక్కన రాసి ఉంచండి.

ఎత్తి రాసేటప్పుడు పంక్తికి పంక్తి, అరసున్నా, బండి ఱతో సహా ఉన్నదున్నట్టు దించండి. మీ వివరణ చదరపు బ్రాకెట్లలో పెట్టండి. చదవలేని అక్షరానికి చుక్క పెట్టండి గానీ ఊహించి నింపకండి. ఊహించిన ఇంటిపేరు ఒకసారి వృక్షంలోకి ఎక్కితే తర్వాతివాళ్లు దాన్నే నిజమనుకుంటారు.

ఫొటోల వెనకవైపు కూడా స్కాన్ చేయండి. అక్కడ కీ॥శే॥ అని ఉంటే, ఫొటో తీసేనాటికే ఆ మనిషి లేరని కాదు, వెనక పేర్లు రాసేనాటికి కీర్తిశేషులని. ఆ ఒక్క మాట వేరే సిరాలో ఉంటే తర్వాత చేర్చారనుకోవచ్చు. చేతిరాతను ఉత్తరాలతో పోల్చి, రాసిందెవరో తేల్చుకోండి. మీరు పేర్లు చేర్చాలంటే బాల్ పెన్ను వద్దు, దాని ఒత్తిడి బొమ్మవైపు తేలుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచున, తేలిగ్గా రాయండి.