ఖుక్రీతో మునిగిపోయిన మా పెదనాన్న, మీ ఊరి ఫలకం

మీ తాతగారి తమ్ముడు నౌకాదళంలో పనిచేస్తూ 1971 యుద్ధంలో ఓడతో పాటు మునిగిపోయారని, ఊరి బడి దగ్గర ఆయన పేరున ఫలకం పెట్టడానికి వివరాలు ఎలా సేకరించాలని అడిగారు. ఆ యుద్ధంలో మనం పోగొట్టుకున్న యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీ ఒక్కటే. మా పెదనాన్న కూడా అందులోనే పోయారు. మాది కందుకూరు పక్క పల్లె.

కాగితాల కోసం తిరిగే ముందు ఊళ్లో పెద్దవాళ్లను కలవండి. ఆయనతో బడికి వెళ్లినవాళ్లకు ఇప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. రికార్డుల్లో హోదా, ఓడ పేరు, తేదీ ఉంటాయి. మనిషి ఎలాంటివాడో వాళ్లే చెప్పాలి. ఇంట్లో పాత ట్రంకు పెట్టెలుంటే మనియార్డరు కూపన్లు వెతకండి. డబ్బుతో పాటు రెండు మాటలు రాసే చోటు ఆ చిన్న ముక్కే. మా పెదనాన్న రాసిన ఒక కూపన్‌లో ‘బ్యారన్ పైకప్పు వానలకు ముందే వేయించండి, తమ్ముడిని బడి మాన్పించవద్దు’ అని ఉంది. బ్యారన్ అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం. ఆ తమ్ముడే మా నాన్న. పొగాకు పనులకు మనిషి చాలకపోయినా ఆయన చదువు ఆగలేదు. పెదనాన్న గురించి నాకు తెలిసినదంతా ఒక ఎత్తు, ఆ ఒక్క వాక్యం ఒక ఎత్తు.

ఇక రికార్డులు. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగచక్రం గోడల మీద అమరుల పేర్లు చెక్కారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనూ అడగండి. అయితే జిల్లా పేరు దగ్గర జాగ్రత్త. కందుకూరు మొదట నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 2022లో కందుకూరును మళ్లీ నెల్లూరులో కలిపారు, 2025 చివర్లో తిరిగి ప్రకాశంలోకి మార్చారు. 1970కి ముందే దళంలో చేరినవారి చిరునామా నెల్లూరు జిల్లా అనే ఉంటుంది కాబట్టి రెండు చోట్లా వెతికించండి.

ఖుక్రీని డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. తప్పించుకునే వీలున్నా కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదల్లేదు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. డయ్యూలో సముద్రానికి ఎదురుగా ఖుక్రీ స్మారకం ఉంది, అద్దాల పెట్టెలో ఓడ నమూనా ఉంటుంది. వీలైతే ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కసారి తీసుకెళ్లండి. మా నాన్న అక్కడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత అన్నయ్య ఈత ఏ చెరువులో నేర్చుకున్నాడో మొదలుపెట్టి సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నారు.

శవం ఇంటికి రాని కష్టం మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. టెలిగ్రాం అందినా మా నాయనమ్మ కర్మకు ఒప్పుకోలేదు. సంక్రాంతికి అందరితో పాటు పెద్దకొడుక్కీ బట్టలు తీసేది. ఆమెను ఎవరూ తొందరపెట్టలేదు, అది మా వాళ్లు చేసిన మంచి పని. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమే సరేనంది. పురోహితుడు దర్భలతో బొమ్మ చేయించి దహనం జరిపించారు. అప్పటి నుంచి మార్గశిర బహుళంలో ఇంట్లో తద్దినం పెడతాం, ఊరివాళ్లతో కలిసి డిసెంబరు 9న బడిలో దండ వేస్తాం. రెండూ ఉండాలి. ఒకటి ఇంటిది, ఒకటి ఊరిది.

ఫలకం మీద ఓడ పేరు, తేదీతో పాటు ఆయన చదివిన బడి పేరు, తల్లిదండ్రులిద్దరి పేర్లూ వేయించండి. చాలాచోట్ల తండ్రి పేరు ఒక్కటే చెక్కిస్తారు. మా ఊళ్లో తల్లి పేరు కూడా ఉండి తీరాలని నాన్న పట్టుబట్టారు. చెక్కే మనిషి ఇంటికి వచ్చినప్పుడు ఆ పేరు స్పెల్లింగు తానే కాగితం మీద రాసిచ్చారు.